అంచుపట్టీ అలంకారమేనా?

మొన్న సంక్రాంతి వెళ్లాక మా నాయిన మొదటిసారి హైటెక్ సిటీ చూశాడు. మా అన్న అక్కడే, ఆఫీసుల్లో చెక్కపనీ అల్యూమినియం పనీ చేయించే ఒక కాంట్రాక్టరు దగ్గర ఫిట్టరు. నేనెట్లాగూ ఇక్కడే బి.యస్సీ. మూడో సంవత్సరం చదువుతున్నాను గనక, ఇద్దరమూ కలిసి నాయినను మెట్రో రైల్లో రాయదుర్గం దాకా తీసుకుపోయాం. మెట్లు దిగి బయటికి వచ్చి తలెత్తి చూస్తే ఏ దిక్కున చూసినా అద్దాల మేడలే. నాయిన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. చివరికి ఒక్కటే అడిగాడు.

"ఈ అద్దాలు అంత పైన ఎట్ల నిలబడ్డయిరా? కింద పడకుండ ఏం పట్టుకున్నది వీటిని?"

మూడేళ్లుగా భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం చదువుతున్న నాకు జవాబు తోచలేదు. పదో తరగతితో చదువు మానేసిన అన్న మాత్రం తడుముకోలేదు. "అద్దానికీ అల్యూమినియానికీ నడుమ సన్నగ నల్లటి గీత కనబడ్తున్నది చూడు నాయినా. అది రబ్బరు పట్టీ. కొన్నింటికి సిలికాన్. అవే పట్టుకున్నయి" అన్నాడు. నాయిన నమ్మలేదు. రబ్బరు పట్టీకి అంత శక్తి ఎక్కడిదని అతని అనుమానం. నిజానికి నాకూ అదే అనుమానం.

ఆ ప్రశ్న నన్ను వదలక, కొంత లైబ్రరీలోనూ కొంత అన్న పనిచేసే చోట్లా వెతుక్కుంటూ పోయాను. తేలిన సంగతులను మిత్రుల ముందు పెట్టాలనే ఈ ప్రయత్నం. మన పాఠ్యపుస్తకాలు వస్తువు గురించి చెప్పేదంతా దాని నడిమి భాగం గురించే. ఇనుము ఎంత గట్టిది, చెక్క సాంద్రత ఎంత, అద్దం వక్రీభవన గుణకం ఎంత అని చెబుతాయి. అంచు గురించి చెప్పేది బహు తక్కువ. కాని వస్తువు పాడయ్యేది చాలామటుకు అంచు దగ్గరే.

ఇంగ్లీషులో 'ట్రిమ్' అని ఒక మాట ఉంది. బల్ల అంచుకు అంటించే పట్టీ, తలుపు చుట్టూ కొట్టే బీడింగు, గోడ అడుగున వేసే స్కర్టింగు, కారు తలుపు చుట్టూ తొడిగే రబ్బరు, చొక్కా కాలరుకు కుట్టే పైపింగు అన్నీ దాని కిందికే వస్తాయి. తెలుగులో వీటన్నిటినీ కలిపి చెప్పే ఒక్క మాట నాకు దొరకలేదు గాని, విడివిడిగా ఎన్ని మాటలున్నాయో! చీరకు అంచు, లంగాకు గోటు, రోకలికి పొన్ను, ఇంటికి చూరు. రోకలి కొసన ఇనుప పొన్ను లేకపోతే నాలుగు రోజులు దంచేసరికి కర్ర చీలిపోతుంది. చూరు లేని మట్టిగోడ రెండు వానలకు కరిగిపోతుంది. చాట చుట్టూ వెదురుబద్ద కట్టకపోతే అల్లిక విడిపోతుంది. వీటిని అలంకారమని మా ఊళ్లో ఎవరూ అనుకోరు. అందంగా ఉంటే సంతోషమే, కాని పెట్టింది అందుకు కాదు.

బండి చక్రానికి వేసే ఇనుప పట్టా సంగతి చూడండి. మా ఊళ్లో ఇప్పుడు ఎద్దుల బండ్లు రెండో మూడో మిగిలాయి, వాటికీ రబ్బరు టైర్లే. అయినా పట్టా వేసే విధానం మా తాత నోట ఎన్నోసార్లు విన్నాను. చక్రమంటే ఒకే చెక్క కాదు గదా. నడిమి దుంగ, దానిలోకి దిగిన ఆకులు, చుట్టూ వంపు చెక్కలు, ఇవన్నీ ఒకదానిలో ఒకటి గుచ్చి నిలబెట్టిన ముక్కలు. పట్టాను చక్రం చుట్టుకొలత కంటె కాస్త చిన్నదిగానే చేస్తారు. పిడకల మంటలో అది ఎర్రబడేదాకా కాల్చి, పట్టుకార్లతో ఎత్తి చక్రానికి తొడిగి, వెంటనే నీళ్లు గుమ్మరిస్తారు. ఇప్పుడు లెక్క వేద్దాం. మీటరున్నర అడ్డుకొలత ఉన్న చక్రం చుట్టుకొలత సుమారు 4.7 మీటర్లు. ఇనుము ఒక్కొక్క డిగ్రీ వేడికి పదిలక్షల భాగాల్లో 12 భాగాలు సాగుతుంది. 500 డిగ్రీలు వేడి పెరిగితే ఆ పట్టా 28 మిల్లీమీటర్లు సాగుతుంది. అంటే అంగుళానికి పైమాటే. చల్లారేటప్పుడు ఆ అంగుళమంతా తిరిగి ముడుచుకోవాలని చూస్తుంది, చక్రం అడ్డుపడుతుంది, ఆ పెనుగులాటలో ముక్కలన్నీ బిగుసుకుపోతాయి. మేకు లేదు, జిగురు లేదు. 'దైర్ఘ్య వ్యాకోచం' అనే పాఠం మొదటి సంవత్సరంలో బట్టీపట్టి మార్కులు తెచ్చుకున్నాను. అది తాత చెప్పిన పట్టా కథేనని ఈ వ్యాసం రాయబోయేదాకా నాకు తట్టనేలేదు!

మాది గద్వాల వైపు పల్లె. గద్వాల చీర పేరు వినని తెలుగింటి ఆడపడుచు ఉండదు. దాని విశేషం ఒల్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు కావడం. రెండూ వేరువేరు దారాలు, వేరువేరు సాగుడు. వాటి కలయిక దగ్గర నేతగాడు ఒంటిదారాన్నీ అంచుదారాన్నీ ఒకదానితో ఒకటి మెలివేసుకుంటూ పోతాడు. పని అంతా అక్కడే ఉంది. రెండు భిన్న పదార్థాలు కలిసే గీత మీద ఎంత శ్రద్ధ పెడితే చీర అన్నేళ్లు మన్నుతుంది. ఇంకొక సంగతి. చీర కొన్నాక ఆడవాళ్లు అడుగు అంచుకు లోపలివైపున 'ఫాల్' కుట్టించుకుంటారు. అది ఎవరికీ కనపడదు. నేలకు రాసుకొని చిరిగేది అదే, చీరను కాపాడేది అదే.

కనపడని పట్టీ మాట వచ్చింది గనక, మా అన్న పని దగ్గరికి వస్తాను.

1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాత మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి, నానక్‌రాంగూడ పొడుగునా లేచిన ఆఫీసులలో కూర్చునే బల్లలు చాలావరకు పార్టికల్ బోర్డువి. చెక్క తునకలకు యూరియా ఫార్మాల్డిహైడ్ అనే జిగురు కలిపి, వేడి మీద ఒత్తి పలకలుగా చేస్తారు. పైనా కిందా నున్నటి పొర అంటిస్తారు. ఆ పొర మీద నీళ్లు పోసినా ఏమీ కాదు. కాని రంపంతో కోసిన చోట లోపలి తునకలన్నీ నోళ్లు తెరుచుకొని ఉంటాయి. అక్కడ తడి తగిలిందంటే నానిన అటుకుల్లాగ ఉబ్బుతాయి. ఒకసారి ఉబ్బినవి ఎండినా మళ్లీ మునుపటిలా అణగవు. అందుకని కోసిన ప్రతి అంచుకూ ఒక ప్లాస్టిక్ పట్టీ వేస్తారు. పి.వి.సి. పట్టీ గాని, ఎ.బి.ఎస్. అనే మరో ప్లాస్టిక్ పట్టీ గాని ఉంటుంది. 0.8 మిల్లీమీటర్ల మందం ఒకటి, చేతులు ఆనే చోట్లకు 2 మిల్లీమీటర్ల మందం ఇంకొకటి. ఎడ్జ్ బ్యాండింగ్ అని కంపెనీ కాగితాల్లో రాస్తారు. పనివాళ్లలో రాజస్థాన్ వాళ్లు, బిహార్ వాళ్లు ఎక్కువ గనక అందరి నోటా అది 'పట్టీ'యే.

పట్టీ వేసే యంత్రం చూడముచ్చటగా ఉంటుంది. పలక ఒక కొసన లోపలికి పోతుంది. దాదాపు 200 డిగ్రీల వేడితో కరిగిన జిగురును ఒక రోలరు అంచుకు పూస్తుంది. వెంటనే పట్టీ వచ్చి ఒత్తుకుంటుంది. ముందూ వెనకా మిగిలిన కొసలను ఒక రంపం తెంపుతుంది. పైనా కిందా పొడుచుకొచ్చిన దాన్ని తిరిగే కత్తులు చెక్కుతాయి. చివర బట్ట చక్రాలు తుడిచి మెరుగు పెడతాయి. 18 మిల్లీమీటర్ల పలకకు 22 మిల్లీమీటర్ల పట్టీ ఎందుకు వాడతారో అది చూశాకే అర్థమైంది. చెక్కడానికి కాస్త మిగులు కావాలి. జిగురులోనూ రకాలున్నాయి. మామూలుది చల్లారితే గట్టిపడుతుంది, మళ్లీ వేడి తగిలితే మెత్తబడుతుంది. పాలీయురితేన్ జాతి జిగురు గాలిలోని తేమతో రసాయనచర్య జరిపి గట్టిపడుతుంది, ఇక వెనక్కి రాదు. రెండోది ఖరీదు.

నిరుటి ఎండాకాలం సెలవుల్లో నేను అన్న వెంట ఒక నెల హెల్పరుగా పనిచేశాను. గచ్చిబౌలి దాటాక ఒక కొత్త ఆఫీసు. 120 బల్లలు. ఒక్కొక్క బల్లకు 60 సెంటీమీటర్ల వెడల్పున్న పక్కపలకలు రెండు. ఆ పలకలకు పై అంచు, ముందు అంచు, వెనక అంచు, మూడింటికీ పట్టీ వేసి పంపారు. నేలకు తగిలీ తగలకుండా ఉండే అడుగు అంచును మాత్రం పచ్చిగా వదిలేశారు. అన్న సూపర్‌వైజరును అడిగాడు కూడా. "బోర్ల పడుకొని చూసేటోడెవడు?" అని ఆయన నవ్వాడు. నేను ఊరుకోలేక కాగితం మీద లెక్క వేశాను. 120 బల్లలు, రెండేసి పలకలు, 0.6 మీటరు. మొత్తం 144 మీటర్లు. వంద మీటర్ల చుట్టలు ఒకటిన్నర. ఆ ఆఫీసు అలంకరణకు పెట్టిన ఖర్చులో అది చిల్లర కింద కూడా రాదు.

ఆ ఆఫీసులో ఊడ్చే ఆడవాళ్లు రోజూ రెండుసార్లు ఫినాయిల్ నీళ్లతో తడిగుడ్డ పెడతారు. వాళ్ల పని అది. దసరా నాటికి పలకల అడుగులు ఉబ్బి, పైపొర పెచ్చులు లేచింది. బిల్లు ఆపారు. మీద ఆపిన బిల్లు కింద పనివాళ్ల మీదికి వచ్చింది. "ఫిట్టింగు సరిగ లేదు" అని చెప్పి అన్నకు పదిహేను రోజుల కూలి ఇవ్వలేదు, ఇప్పటికీ రాలేదు. నా పరీక్ష ఫీజు ఆ డబ్బుతోనే కట్టవలసి ఉండె. నాయిన పత్తి విత్తనం ఆర్గనైజరు దగ్గర అడ్వాన్సు తీసుకొని కట్టాడు. ఒకటిన్నర చుట్ట పట్టీ ఎంతదూరం వచ్చిందో చూడండి.

అంచు మూయకపోతే ఉబ్బడం ఒక్కటే నష్టం కాదు. పార్టికల్ బోర్డు జిగురులోంచి ఫార్మాల్డిహైడ్ వాయువు కొద్దికొద్దిగా చాలాకాలం వెలువడుతూ ఉంటుంది. కొత్త బీరువా తెరిస్తే కళ్లు మండే ఘాటు అదే. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో దాన్ని మనుషులకు క్యాన్సర్ కలిగించే పదార్థాల జాబితాలో చేర్చింది. కోసిన అంచులోంచి అది తేలిగ్గా బయటపడుతుంది, పట్టీ దాన్ని చాలావరకు అడ్డుకుంటుంది. ఇదంతా బల్ల దగ్గర కూర్చునేవాళ్ల సంగతి. రంపం దగ్గర నిలబడేవాడి సంగతి వేరు. చెక్కపొట్టు కూడా అదే జాబితాలో ఉంది. అన్న నోటికి కండువా కట్టుకొని పనిచేస్తాడు. ఆ సన్నటి పొట్టును కండువా ఆపదని చెప్పి, నేను మాస్కు కొని ఇచ్చాను. ఉక్కపోస్తుందని జేబులో పెట్టుకుంటాడు.

ఇక్కడ ఒక చిన్న పక్కదారి. బల్లమీది పైపొరను మనవాళ్లు 'సన్మైకా' అంటారు. అది ఒక కంపెనీ వ్యాపారనామం, సరుకు పేరు లామినేటు. దీని పుట్టుక వింతగా ఉంటుంది. 1912లో అమెరికాలో ఇద్దరు ఇంజనీర్లు, హెర్బర్ట్ ఫేబర్, డేనియల్ ఓకానర్ అనేవాళ్లు, కరెంటు యంత్రాల్లో వాడే అభ్రకానికి బదులుగా పనికొచ్చే పదార్థం కోసం వెతికి, జిగురులో నానబెట్టిన పొరలను ఒత్తి పలక చేశారు. అభ్రకానికి బదులు గనక 'ఫార్మైకా' అన్నారు. మైకా అంటే అభ్రకమే, మన గూడూరు గనుల్లో తవ్వేది. రంగుల కాగితం వేసి బల్లలకు అంటించే అలంకారం ఆ తరువాత వచ్చింది. ఈ పలకలు చేసిన బేకలైట్ హైలం కంపెనీ మన హైదరాబాదులోనే, సనత్‌నగర్‌లో ఉండేది. ఒకపక్క డెకోలం పేరుతో అలంకారపు పలక, ఇంకోపక్క కరెంటు పనికి వాడే పలక. ఎలక్ట్రీషియన్లు ఇప్పటికీ ఆ రెండోదాన్ని హైలం షీటు అంటారు. ఒకే పలకకు రంగు వేస్తే బల్ల మీద శోభ, వేయకపోతే షాకు కొట్టకుండా కాపలా.

షాకు అంటే మా బావి దగ్గరి స్టార్టరు డబ్బా గుర్తొస్తుంది. దాని తలుపు చుట్టూ ఉండవలసిన రబ్బరు ఏనాడో ఊడిపోయింది. చీమలు, బల్లులు దూరి కాంటాక్టుల మధ్య పడి మాడిపోతాయి. తడి చేతులతో తెరిచే రైతుకు ప్రాణగండం. వస్తువుల తయారీలో ఈ రబ్బరుకు ఒక కొలబద్ద ఉంది. ఐ.పి. అని రాసి పక్కన రెండు అంకెలు వేస్తారు. మొదటిది దుమ్మును, రెండోది నీటిని ఎంత ఆపుతుందో చెబుతుంది. సెల్‌ఫోను మీద 67 అని ఉంటే దుమ్ము అసలు పోదు, మీటరు లోతు నీళ్లలో అరగంట ఉన్నా లోపలికి నీరు దిగదు అని అర్థం. ఫోనుకు అంత శ్రద్ధ పెట్టినవాళ్లు స్టార్టరు డబ్బాకు ఎందుకు పెట్టరో నాకు తెలియదు. రాయదుర్గంలో 2023 మార్చిలో తెలంగాణ ప్రభుత్వం ప్రారంభించిన టి-వర్క్స్ అనే కేంద్రం ఉంది. కొత్త వస్తువు ఊహించినవాళ్లు దాని నమూనా చేయించుకోవడానికి కావలసిన యంత్రాలన్నీ అక్కడ ఉన్నాయి. మన కాలేజీ మిత్రులెవరైనా ఒక మంచి స్టార్టరు డబ్బా నమూనాతో అక్కడికి పోతే, పొలం కొలతలూ చీమల బాధా చెప్పడానికి నేను సిద్ధం.

సరే, నాయిన ప్రశ్నకు వద్దాం. అద్దాల మేడలో అద్దాన్ని అల్యూమినియం చట్రంలో బిగిస్తారు. చలికాలం రాత్రి 15 డిగ్రీలు, మే నెల మధ్యాహ్నం ఎండ సోకిన లోహం 65 డిగ్రీలు అనుకుంటే తేడా 50 డిగ్రీలు. మూడు మీటర్ల అల్యూమినియం ఆ తేడాకు సుమారు మూడున్నర మిల్లీమీటర్లు సాగుతుంది. అద్దం మాత్రం ఒకటింబావు, ఒకటిన్నర మిల్లీమీటర్ల లోపే. రెండూ నేరుగా తగులుకొని ఉంటే ఆ రెండు మిల్లీమీటర్ల పంచాయితీలో పగిలేది అద్దమే. అందుకే మధ్యన రబ్బరు. బిగువుగా పట్టుకోవాలి, కాని జరగనివ్వాలి. బండిపట్టా బిగించడానికి వ్యాకోచాన్ని వాడుకుంది, ఇక్కడ వ్యాకోచానికి చోటివ్వాలి. అంతేగాక గాలి అద్దాన్ని లోపలికి నెట్టడమే కాదు, మేడ పక్కలనుంచి వేగంగా వీచేటప్పుడు బయటికి లాగుతుంది కూడా. ఆ లాగుడుకు తట్టుకునేందుకు చట్రం మీద ఇంకొక అల్యూమినియం పట్టీ పెట్టి స్క్రూలు బిగిస్తారు. కొన్ని మేడలకు బయట చట్రం కనపడదు. అక్కడ అద్దాన్ని లోపలి అల్యూమినియానికి ప్రత్యేకమైన సిలికాన్‌తో అంటించేస్తారు. నాయిన నమ్మకపోయినా అన్న చెప్పింది అక్షరాలా నిజం.

ఏ రబ్బరు పడితే ఆ రబ్బరు పనికిరాదు. పాత సైకిలు ట్యూబు పగుళ్లు వేయడం చూసే ఉంటారు. సహజ రబ్బరు అణువు పొడవాటి గొలుసు. ఆ గొలుసులోనే ద్విబంధాలు ఉంటాయి. గాలిలోని ఓజోన్ వచ్చి సరిగ్గా అక్కడే కొరుకుతుంది, గొలుసు తెగుతుంది. మేడలకు వాడే ఇ.పి.డి.ఎం. రబ్బరులో ప్రధాన గొలుసు మీద ద్విబంధాలు లేవు, పక్కకొమ్మలకు మాత్రమే ఉన్నాయి. కొమ్మ తెగినా మాను నిలుస్తుంది. అందులో పొగమసి కలుపుతారు. అది అతినీలలోహిత కిరణాలను తాను మింగి రబ్బరును కాపాడుతుంది. ఆ గీత నల్లగా ఉండటానికి కారణం అదే, అందం కోసం ఎంచిన రంగు కాదు. ఇంత చేసినా వాననీరు కొంత లోపలికి దిగుతుందనే లెక్కతోనే చట్రం అడుగున చిన్న రంధ్రాలు పెడతారు. మడికి గట్టు వేసి ఒక మూల మడవ వదలడం లాంటిదే. ఇది విన్నాక నాయిన కాస్త మెత్తబడ్డాడు. "నీళ్లకు దారి పెట్టిండ్రంటే తెలిసినోళ్లే కట్టిండ్రు" అన్నాడు.

ఇక నేను ఎక్కువగా చెప్పదలచుకున్న పదార్థం ఎ.సి.పి. షీటు. ఆఫీసుల గుమ్మాల పైన, స్తంభాల చుట్టూ, షోరూముల ముఖాలకు, ఇప్పుడు జిల్లా కేంద్రాల్లో మందుల దుకాణాలకూ కనపడే మెరిసే పలక అదే. చూస్తే లోహం అనుకుంటాం. మొత్తం మందం 3 లేక 4 మిల్లీమీటర్లు. అందులో అల్యూమినియం రెండువైపులా అర మిల్లీమీటరుకు మించదు. నడుమ ఉన్నదంతా వేరే పదార్థం. చౌకరకంలో అది ఉత్త పాలిథిన్. నేను లెక్క వేసి చూశాను. చదరపు మీటరు పలకలో 3 మిల్లీమీటర్ల పాలిథిన్ ఉంటే దాని బరువు సుమారు 2.8 కిలోలు. కిలోకు కిలో పాలిథిన్ మండితే వచ్చే వేడి కిరోసిన్ మండితే వచ్చే వేడితో దాదాపు సమానం. అంటే ప్రతి చదరపు మీటరుకూ సుమారు మూడున్నర లీటర్ల కిరోసిన్ గోడకు అంటించి పెట్టుకున్నట్లు! అల్యూమినియం 660 డిగ్రీల దగ్గర కరిగిపోతుంది. అంతకు చాలా ముందే లోపలి పాలిథిన్ కరిగి, కోసిన అంచుల్లోంచి కారి, మండుతూ కింది అంతస్తుల మీద పడుతుంది.

ఇది కాగితం మీది భయం కాదు. లండన్‌లో 1974లో కట్టిన గ్రెన్‌ఫెల్ టవర్ అనే 24 అంతస్తుల నివాసాల మేడకు 2016 నాటికి కొత్త తొడుగు వేసి అందంగా చేశారు. ఆ తొడుగు పాలిథిన్ నడుమున్న పలకలు. 2017 జూన్ 14 తెల్లవారుజామున నాలుగో అంతస్తులో ఒక ఇంటి ఫ్రిజ్ దగ్గర పుట్టిన నిప్పు బయటి పలకలకు అంటుకొని పైదాకా పాకింది. 72 మంది చనిపోయారు. విచారణ సంఘం 2019లో ఇచ్చిన మొదటి నివేదికలో ఒక చోట నేను చాలాసేపు ఆగిపోయాను. ఆ మేడ పైఅంచున చుట్టూ అందానికి ఇవే పలకలతో ఒక వరుస నిలబెట్టారు, దాన్ని కిరీటమనే పిలిచారు. మంట ఒక ముఖం నుంచి మిగిలిన ముఖాలకు అడ్డంగా చుట్టిరావడానికి ముఖ్యకారణం ఆ కిరీటమేనని నివేదిక తేల్చింది. మేడను నిలబెట్టేది కాదు, వాన ఆపేది కాదు. శోభకు పెట్టిన అంచు.

నిప్పుకు తట్టుకునే ఎ.సి.పి. కూడా ఉంది. దాని నడుమ పాలిథిన్‌ను బాగా తగ్గించి ఖనిజపు పొడి నింపుతారు. ఎక్కువగా వాడేది అల్యూమినియం హైడ్రాక్సైడ్. వేడి తగిలితే అది విచ్ఛిన్నమై నీటి ఆవిరిని విడుస్తుంది. సమీకరణం ప్రకారం కిలో పొడిలోంచి సుమారు 350 గ్రాముల నీరు. పలకలోనే నీళ్లు దాచిపెట్టినట్లు. చిక్కేమిటంటే గోడకు ఎక్కాక రెండు రకాలూ ఒకేలా మెరుస్తాయి. ఏ మేడకు ఏది వాడారో రోడ్డు మీద నిలబడి చెప్పడం ఎవరి తరమూ కాదు, నేనూ చెప్పబోవడం లేదు. తెలిసేది కోసిన అంచు దగ్గరే. అన్న దగ్గర రెండు తునకలున్నాయి. ఒకదాన్ని చాకుతో గీస్తే నల్లటి ప్లాస్టిక్ ఉంగరాల్లా చుట్టుకొని వస్తుంది, ఇంకొకదాన్ని గీస్తే బూడిదరంగు పొడి రాలుతుంది. రంగును బట్టి మాత్రమే తేల్చుకోరాదు, పరీక్ష కాగితం అడిగి తీసుకోవలసిందే.

మరో కనపడని పట్టీ ఉంది. అద్దాల గోడ అంతస్తుల స్లాబులకు బయటగా వేలాడుతుంది గనక, ప్రతి స్లాబు అంచుకూ అద్దానికీ నడుమ సందు ఉంటుంది. దాన్ని వదిలేస్తే అదే పొగగొట్టం. కింది అంతస్తు పొగ నిమిషాల్లో పైకి చేరుతుంది. 2016 నాటి మన జాతీయ భవన నియమావళి, ఆ సందును ప్రతి అంతస్తులోనూ స్లాబుకు ఉన్నంత అగ్నినిరోధక శక్తి గల పదార్థంతో మూయాలని చెబుతుంది. అగ్నిమాపక సిబ్బందికి అందేలా అద్దాల గోడలో తెరుచుకునే పలకలు ఉండాలనీ చెబుతుంది. ఆ సందు మీద తరువాత ఫాల్స్ సీలింగు వస్తుంది, కింద స్కర్టింగు వస్తుంది. ఇక ఎవరూ చూడరు. ఉందో లేదో తెలిసినవాడు అక్కడ మోకాళ్ల మీద కూర్చొని నింపిన పనివాడొక్కడే.

గద్వాలలో మా మేనమామకు విత్తనాల దుకాణం ఉంది. మేడమీద కాపురం. కింద దుకాణం, పైన ఇల్లు, రెంటికీ కలిపి ముందువైపు ఎర్రటి ఎ.సి.పి. పెట్టించాలని ఆయన కోరిక. "హైటెక్ సిటీ లెక్క కొట్టాలె" అని అన్నకు ఫోను చేశాడు. మొన్న ఆదివారం అన్న ఆ రెండు తునకలూ సంచిలో వేసుకొని పోయాడు, వెంట నేనూ పోయాను. ముందుభాగం కొలిస్తే 25 చదరపు మీటర్లు. చౌకరకం వేస్తే సుమారు 70 కిలోల పాలిథిన్, ఇరవై లీటర్ల డబ్బాలతో చెప్పాలంటే నాలుగు డబ్బాలకు పైన కిరోసిన్. అన్న రెండు తునకలనూ వాకిట్లో ఇసుకమీద పెట్టి, పక్కన బకెట్టు నీళ్లు ఉంచుకొని, అంచులకు నిప్పు చూపించాడు. ఒకటి కాసేపటికి అంటుకొని బొట్లు బొట్లుగా మండుతూ కారింది. రెండోది నల్లబడి ఊరుకుంది.

మామ చాలాసేపు ఆ బొట్లనే చూశాడు. తరువాత, "రెంటికీ అడుగుకు తేడా ఎంతరా?" అని అడిగాడు. అన్న చెప్పాడు. మామ వేళ్లమీద లెక్క పెట్టుకుంటుంటే లోపలినుంచి అత్త, "రంగేసి బోర్డు రాయిస్తే ఎంతయితదో అది గూడ అడుగుండ్రి" అంది. ఉగాదికి చూద్దామన్నాడు మామ.